కొల్లేటి అంచు ఎక్కడ?

మీరు అడిగింది ఇదీ: సెలవుల్లో పిల్లలకు కొల్లేరు చూపిద్దామని ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పట్టుకుని కారులో వెళ్లారు. దారి పొడవునా చేపల చెరువుల గట్లు, నీళ్లు చిలికే ఏరేటర్లు, మేత బస్తాల లారీలు తప్ప సరస్సన్నది కంటబడలేదు. దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటంటారే, అసలు ఉందా, పోయిందా? పోతే ఎవరు పోగొట్టారు? మళ్లీ వస్తుందా?

ముందు సూటిగా జవాబు. కొల్లేరు ఉంది. మీ కారు వెళ్లింది దాని కడుపులోంచే. మీరు చూసిన చెరువుల్లో చాలా భాగం కొల్లేరే, కాకపోతే గట్లు వేసి ముక్కలు చేసిన కొల్లేరు. పోగొట్టింది ఒక్కరు కాదు. అందులో ప్రభుత్వ పథకాలు ఉన్నాయి, కోర్టుకెక్కని ఆక్రమణలు ఉన్నాయి, బయటి పెట్టుబడి ఉంది, మేట వేసిన మట్టి ఉంది. మళ్లీ రావడం మాటకొస్తే, పాత కొల్లేరు పూర్తిగా రాదు. ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, దాకా దక్కించుకునే వీలు మాత్రం ఇప్పటికీ ఉంది.

నేను డ్రైనేజీ ఇంజనీరుని. ఉద్యోగంలో ఎక్కువ కాలం ఏలూరు, కైకలూరు, ఆకివీడు మధ్యనే తిరిగాను. చరిత్ర, పక్షులు నా చదువు కావు. నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయో, ఎటు పోతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూడటం నా పని. అందుకే కొల్లేరు గురించి ఏం చెప్పాలన్నా నేను మట్టం దగ్గరే మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతా గొడవంతా దానంతటదే విడిపోతుంది.

కొల్లేటికి గట్టు లేదు. హుస్సేన్‌సాగర్‌కి ఉన్నట్టు ఇక్కడివరకు నీరు, ఇక్కడినుంచి నేల అని చూపించే హద్దేమీ దీనికి లేదు. కృష్ణా డెల్టాకు, గోదావరి డెల్టాకు నడుమ మిగిలిపోయిన పల్లం ఇది. అంచు లేని పళ్లెంలో నీళ్లు పోసినట్టు, కాస్త పోస్తే నడుమ నిలుస్తాయి, ఇంకాస్త పోస్తే దూరం పాకుతాయి. సముద్ర మట్టం నుంచి ఇన్ని అడుగుల ఎత్తు అని కొలిచే గీతలే కాంటూర్లు. నీరు మూడో కాంటూరు దగ్గర ఉంటే సరస్సు సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఏడో కాంటూరుకి వస్తే 675. పదో కాంటూరు తాకితే 901. అంటే నీళ్లు ఏడడుగులు లేస్తే సరస్సు ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది. ఎండాకాలం మీరు నడిచి వెళ్లిన పొలం ఆశ్వయుజంలో పడవ తిరిగే చోటు అవుతుంది. రెండూ కొల్లేరే.

ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది కొల్లేరుని ఫొటోలో పట్టుకోవాలని చూస్తారు. సరస్సు విస్తీర్ణం ఎంత అని అడిగితే ఏ అడుగు దగ్గర, ఏ నెలలో అని ఎదురు అడగాలి. పుస్తకాల్లో ఒక్కో చోట ఒక్కో అంకె కనబడేది అందుకే.

ఇది ఎలా ఏర్పడిందో రెండు మాటల్లో. కొన్ని వేల ఏళ్ల కిందట సముద్రపు ఒడ్డు ఇప్పటి కొల్లేటికి దగ్గరగా ఉండేది. ఇటు కృష్ణ, అటు గోదావరి మట్టి మోసుకొచ్చి సముద్రంలోకి డెల్టాలు పెంచుకుంటూ పోయాయి. నడుమ ఉన్న లోతట్టు మాత్రం నిండకుండా వెనకబడిపోయింది. ఇప్పుడు సముద్రం దాదాపు 35 కిలోమీటర్ల దూరం జరిగింది. అప్పటి ఉప్పుకయ్య ఇప్పటి మంచినీటి మడుగు. దానికి సముద్రంతో మిగిలిన ఒకే ఒక్క బంధం ఉప్పుటేరు.

వచ్చే దార్లు అనేకం, పోయే దారి ఒక్కటి. కొల్లేటి సమస్యంతా ఈ లెక్కలోనే ఉంది. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వస్తాయి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి బెజవాడ పక్కనుంచి వస్తుంది. తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలుగా చీలి ఊరికి రెండు పక్కలా దిగుతుంది. ఇవికాక రెండు డెల్టాల మురుగు కాల్వలు, పంట కాల్వల మిగులు నీళ్లు. చిన్నా పెద్దా కలిపి అరవైకి పైగా దార్లు. పరీవాహకం 4,700 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఇదంతా బయటికి పోవాల్సింది ఒక్క ఉప్పుటేరు గుండా. అదీ అరవై కిలోమీటర్ల చిల్లర వంకర టింకరగా తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. వాలు అంటారా, లేనట్టే. సముద్రం పోటు మీద ఉందంటే ఉప్పుటేట్లో నీరు కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా తిరుగుతుంది.

పెద్ద వరదొస్తే కొల్లేట్లోకి లక్ష క్యూసెక్కుల పైన దిగుతుందని మా శాఖలో పాతకాలం నుంచీ చెప్పే లెక్క. ఉప్పుటేరు ఒకేసారి మోయగలిగింది దానిలో ఏడోవంతుకు మించదు. మిగిలింది ఎక్కడికి పోవాలి? కొల్లేట్లో పరుచుకుని, వారాల తరబడి కూర్చుని, మెల్లమెల్లగా దిగాలి. కొల్లేరు చేసే పెద్ద పని ఇదే. పక్షులు లేకపోయినా, చేపలు లేకపోయినా, ఈ ఒక్క పనికోసమైనా దాన్ని కాపాడుకోవాలి. 1964 వరద తర్వాత వేసిన మిత్రా కమిటీ రెండు డెల్టాల మురుగు నీటి సంగతి కూలంకషంగా చూసి, ఉప్పుటేటి సామర్థ్యం పెంచమంది. ఆ మాట అప్పటినుంచీ ప్రతి వరదకీ కొత్తగా వినిపిస్తూనే ఉంటుంది.

వరద రోజుల్లో మాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు పెదఎడ్లగాడి వంతెన. అక్కడి గేజి రాయి మీద నీరెంత ఉందో లస్కరు (కాల్వల మీద మా శాఖ కాపలా మనిషి) చూసి చెబితే, కైకలూరు, ఆకివీడు వైపు ఏ ఊరికి ఎప్పుడు నీరొస్తుందో అంచనా కట్టేవాళ్లం. ఒక ఏడాది ఆ గేజి రోజుకి అంగుళం చొప్పున పెరుగుతోంది, వానేమో ఆగి అయిదు రోజులైంది. కారణం వెతికితే ఆకివీడు దగ్గర రైలు వంతెన, రోడ్డు వంతెన కానాల్లో, అంటే కింద నీరు పోయే సందుల్లో, గుర్రపుడెక్క చాప కింద చాప అల్లుకుని అడ్డుకట్టలా నిలబడిపోయింది. మనిషి దాని మీద నిలబడినా దిగబడనంత మందం. పొక్లెయిన్లు పెట్టి లాగించాం. లాగిన మర్నాడే గేజి దిగడం మొదలైంది. అదే వారం సరస్సు ఒడ్డున ఉండే బెల్ట్ ఊళ్ల రైతులు మా ఆఫీసుకొచ్చి నీరు తొందరగా వదలమన్నారు, దిగువ ఉప్పుటేటి గట్టు ఊళ్లవాళ్లు వచ్చి మా మీదికి వదలొద్దన్నారు. ఇద్దరిదీ న్యాయమే.

2024 సెప్టెంబరులో బెజవాడ సింగ్‌నగర్ మునిగింది గుర్తుంది కదా, బుడమేరుకి గండ్లు పడి. టీవీలు బెజవాడలో నీరు తీయగానే కథ ముగించాయి. కానీ ఆ నీరంతా దిగింది కొల్లేట్లోకే. బెజవాడ తేరుకుంటున్న రోజుల్లో ఇక్కడ సరస్సు లోపలి లంక ఊళ్లకు రాకపోకలు ఆగిపోయి జనం పడవల మీద సరుకులు తెచ్చుకుంటున్నారు. బెజవాడకు, కొల్లేటికి ఏం సంబంధం అని ఎవరైనా అడిగితే ఇది చెప్పండి.

ఇక చరిత్ర. కొల్లేరు పల్లమే గాని దాని ఒడ్డు మాత్రం రాజధానుల గడ్డ. ఏలూరుకి దగ్గర్లోని పెదవేగి, ఒకనాటి వేంగి. శాలంకాయనులు, విష్ణుకుండినులు, తూర్పు చాళుక్యులు ఏలిన చోటు. క్రీ.శ. 634 నాటి ఐహొళె శాసనంలో రెండో పులకేశి దండయాత్ర వర్ణిస్తూ యుద్ధంలో చచ్చినవాళ్ల నెత్తుటితో ఎర్రబారిన 'కునాళ' జలాల ప్రస్తావన ఉంది. అది కొల్లేరేనని చరిత్రకారుల్లో చాలామంది అంగీకరించారు. ఆ యుద్ధం తర్వాతే పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో పాతుకుపోయాడు. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభం మీది 'కౌరాళ'ని కూడా కొందరు కొల్లేటికే చెబుతారు గాని దాని మీద తగాదా ఉంది, నేను గట్టిగా చెప్పను.

జనం నోట ఉన్న కథ వేరు. కొల్లేటి నడుమ కొల్లేటికోటలో ఒరిస్సా గజపతి రాజుల కోట ఉండేదని, శత్రుసైన్యం చిగురుకోటలో విడిసి నీళ్లు దాటలేక సరస్సునే ఖాళీ చేద్దామని సముద్రం వైపు కాల్వ తవ్విందని, అదే ఉప్పుటేరని చెబుతారు. నీరు లాగేసినా కోట దక్కాలని గజపతి సేనాని సొంత కూతుర్నే బలిచ్చాడట. ఆ చోటుని పేరంటాలకనుమ అంటారు. ఇంజనీరుగా నాకు అంత పెద్ద ఏరుని మనుషులు తవ్వారంటే నమ్మకం కుదరదు. ఏదో పాత పాయని తెగ్గొట్టి కలిపి ఉండొచ్చు. కానీ కథలోని బుద్ధి గమనించారా? కొల్లేటిని గెలవాలంటే దాని మట్టం దించాలని వాళ్లకి అప్పుడే తెలుసు.

కొల్లేటికోటలో కోట లేదుగాని పెద్దింట్లమ్మ ఉంది. ఫాల్గుణ మాసంలో తిరునాళ్లు. అమ్మవారికి గోకర్ణేశ్వరస్వామితో కల్యాణం చేస్తారు. రెండు జిల్లాల జనం వస్తారు. వంతెనలు లేని రోజుల్లో పంట్ల మీద, పడవల మీద మనుషులూ, మేకలూ, వంట సామానూ కలిసే దాటేవి.

మనుషుల సంగతి. కొల్లేటి ఊళ్లు రెండు రకాలు. సరస్సు లోపల మెరకల మీద ఉన్నవి లంకలు, మా కాగితాల్లో బెడ్ గ్రామాలు, ఇవి 46. చుట్టూ ఒడ్డున ఉన్నవి బెల్ట్ గ్రామాలు, ఇవి 76. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, పైడిచింతపాడు, చెట్టున్నపాడు, శృంగవరప్పాడు, కొల్లేటికోట లాంటివి లోపలి ఊళ్లు. వీటిలో ఎక్కువమంది వడ్డీ కులంవాళ్లు. గజపతుల సైన్యంతో ఒరిస్సా నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయామని వాళ్ల పెద్దలు చెబుతారు. చేపే బతుకు. తాటి మాను తొలిచిన దోనెల మీద తిరిగేవాళ్లు, నీటిదారికి అడ్డంగా వెదురు తడికలు కట్టి మావులు, అంటే చేపలు చిక్కే బుట్టలు, పెట్టేవాళ్లు. కొర్రమీను, ఇంగిలాయి, వాలుగ, మట్టగిడస, మార్పు, జెల్ల, కార్తె మారితే పండుగప్ప, నీలకంఠ రొయ్య. ఇవేవీ ఎవరూ పెంచినవి కావు.

లంక ఊళ్లలో ఒక పద్ధతి ఉంది, బయటివాళ్లకు అర్థం కాదు. నీళ్లు, నేల ఊరుమ్మడి. పెద్దలు కూర్చుని వేలం పాట పెడతారు. వచ్చిన డబ్బులో గుడికి కొంత, బడికి కొంత, మిగిలింది ఇంటింటికీ వాటా. కట్టుబాటు తప్పితే జరిమానా వేస్తారు, మరీ మొండికేస్తే వెలి. ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. దిక్కులేని ముసలమ్మకి కూడా వాటా అందుతుంది. అదే సమయంలో పెద్దల మాటకి ఎదురు చెప్పినవాడు ఊళ్లో బతకడం కష్టం. చేపల చెరువులు వచ్చాక ఈ పద్ధతి చేతిలోకి ఒక్కసారిగా పెద్ద డబ్బు వచ్చిపడింది. ఆ సంగతికి ఇప్పుడొస్తాను.

పందొమ్మిదో శతాబ్దం నడుమ ధవళేశ్వరం ఆనకట్ట (1852), బెజవాడ ఆనకట్ట (1855) పూర్తయ్యాయి. అక్కడినుంచి కొల్లేటి స్వభావం మారింది. అంతకుముందు వానకి నిండి వేసవికి చాలా మటుకు ఎండే సరస్సు, పంటకాల్వల మిగులు నీరు ఏడాదిలో ఎక్కువ కాలం వచ్చి పడుతుంటే తడిగానే ఉండిపోయింది. దానితోపాటు మట్టీ వచ్చింది. అడుగు మేట వేసింది. నీరు వెనక్కి తగ్గాక తేలిన నేల మీద దాళ్వా (రెండో పంట) వరి వేయడం బెల్ట్ ఊళ్లకీ, లంకలకీ అలవాటైంది. వరద ముందొస్తే పోయేది, లేదంటే పుట్ల కొద్దీ పండేది. జూదమే.

వరద, తుపానుల దెబ్బ మీద దెబ్బ తిని లంకల్లో కరువు ఉన్న రోజుల్లో, 1970లలో, ప్రభుత్వమే మత్స్యకారులతో సహకార సంఘాలు పెట్టించి కొల్లేటి నేల ఇచ్చి చేపల చెరువులు తవ్వించింది. ఇది మర్చిపోవద్దు. చెరువులన్నీ దొంగతనంగా పుట్టలేదు, మొదటివి సర్కారు చేతుల మీదే పుట్టాయి. ఉద్దేశం మంచిదే, రెండు పూటలా తిండి పెట్టాలన్నది. బొచ్చె, శీలావతి, మోసు పిల్లలు వేశారు. తవుడు, చెక్క మేతగా వేశారు. ఏడాది తిరిగేసరికి పట్టుబడి లారీలకెక్కి హౌరా మార్కెట్‌కి పోయింది. ఎకరా వరి మీద ఊహించలేని డబ్బు కంటికి కనిపించింది.

ఆ డబ్బు వాసన బయటికి పాకింది. చెరువు తవ్వాలంటే పెట్టుబడి కావాలి. మేతకి కావాలి, ఏరేటర్లకి కావాలి. వడ్డీ ఇంట్లో అంత ఎక్కడిది? బయటి పెట్టుబడిదారు వచ్చి లీజుకి తీసుకున్నాడు. సంఘంలో పేరున్న మత్స్యకారుడు తన చెరువు గట్టు మీద కాపలా మనిషయ్యాడు. లీజు డబ్బు కొంత వాటాగా వస్తుంది కాబట్టి ఊరు కూడా కాదనలేదు. సంఘాల చెరువుల పక్కన అనుమతి లేనివి, వాటి పక్కన ఇంకొన్ని. 1990లకి వచ్చేసరికి మాకు కొల్లేట్లో లెవెల్ తీయడానికి మెషిన్ పెట్టే చోటు గట్ల మీద తప్ప దొరికేది కాదు.

గట్టు చేసే హాని చాలామందికి తెలియదు. చెరువులో కూడా నీళ్లే కదా, సరస్సు ఉన్నట్టే కదా అంటారు. కాదు. చెరువు వరదకి ముందే నిండి ఉంటుంది, వరద నీటికి అందులో చోటు లేదు. పైగా గట్టు ఎత్తు వరద మట్టానికి మించి ఉంటుంది, కాబట్టి వచ్చే నీరు చెరువుల మధ్య సందుల్లోంచి పోవాలి. పరుచుకోవాల్సిన నీరు నిలువుగా లేస్తుంది. లంక ఇళ్లలోకి, బెల్ట్ పొలాల్లోకి వస్తుంది. చెరువు ఖాళీ చేసినప్పుడు ఎరువులు, మందులు, మేత మురుగు కలిసిన నీరు బయటి కొల్లేట్లోకే వదులుతారు. దానికి బెజవాడ, ఏలూరు, గుడివాడ పట్టణాల మురుగు తోడు. అందుకే నీళ్ల నడుమ ఉన్న లంకలో ఆడవాళ్లు తాగడానికి క్యాన్ నీళ్లు కొంటున్నారు. ఒకప్పుడు దోనె మీదనుంచి దోసిలితో తాగిన నీళ్లు ఇవే.

ప్రభుత్వం 1999 అక్టోబరులో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. కాగితం మీద ఒకటి, నేల మీద ఒకటి. కోర్టుల్లో పిటిషన్లు పడ్డాయి, సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ వచ్చి చూసింది, చివరికి 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు కొట్టేశారు. పొక్లెయిన్లు దిగలేని చోట మందుగుండు పెట్టి పేల్చారు. వేల ఎకరాలు మళ్లీ ఒకటే నీరుగా కలిశాయి. ఆ ఏడాది వానలకి నేను వెళ్లినప్పుడు మొండికోడు దగ్గర రోడ్డు మీద నిలబడితే కనుచూపు మేర నీళ్లే. మా పాత లస్కరు ఒకాయన, 'బాబుగారూ, మా అయ్య చెప్పిన కొల్లేరు ఇదేనండీ' అన్నాడు. ఆయన మేనల్లుడికి మాత్రం అప్పటికి పని పోయి రెండు నెలలైంది. కాపలా జీతం లేదు, లీజు వాటా లేదు, ఇస్తామన్న ప్రత్యామ్నాయం చేతికందలేదు. వలతో బతుకుదామంటే చిన్నప్పటినుంచీ చెరువు గట్టు మీదే పెరిగినవాడికి మావు పెట్టడం రాదు.

కొల్లేరు గురించి మాట్లాడేవాళ్లు లస్కరు సంతోషం, మేనల్లుడి కష్టం, ఈ రెండిట్లో ఒకటే వినిపిస్తారు. పర్యావరణం వైపువాళ్లు మొదటిది, రాజకీయం వైపువాళ్లు రెండోది. గట్లు కొట్టడం సరైన పనేనని నా అభిప్రాయం, ఇప్పటికీ మారలేదు. కొట్టిన తర్వాత మనుషుల్ని గాలికొదిలేయడం వల్లే ఆ పని నిలవలేదన్నది కూడా అంతే నిజం. కొన్నేళ్లకే గట్లు ఒక్కొక్కటిగా లేచాయి. మొదట వేసవిలో అడుగెత్తు, తర్వాత రాత్రిళ్లు పొక్లెయిన్లు. మీరు చూసినవి వాటిలో కొన్ని.

మరి కాంటూరు తగాదా ఏమిటి? ఐదో కాంటూరు లోపల సర్కారు నేలే కాదు, జిరాయితీ (సొంత పట్టా) భూములూ ఉన్నాయి, సర్కారు పేదలకిచ్చిన డీ-ఫారం పట్టాలూ ఉన్నాయి. పట్టాదారు పాసుపుస్తకం చేతిలో ఉండి, శిస్తు కట్టినవాడు తన నేలలో చెరువు వేసుకోకూడదు, దానికి తగ్గ పరిహారమూ రాలేదు. వాళ్ల కోపంలో అర్థముంది. అందుకే అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం అజీజ్ కమిటీని వేసింది. ఆ కమిటీ 2011లో ఐదో కాంటూరు నుంచి తగ్గించొద్దని, జిరాయితీ రైతుల నేల తీసుకుని పరిహారం ఇవ్వమని చెప్పింది. వ్యవహారం ఇప్పటికీ కోర్టుల్లో, కమిటీల్లో నలుగుతూనే ఉంది.

దీని మీద నా మాట: మూడో కాంటూరుకి కుదిస్తే మీకు కాగితం మీద చిన్న సరస్సు దొరుకుతుంది గాని, వరద కాగితం చదవదు. మూడుకీ ఐదుకీ నడుమ ఉన్న ఆ నేలే నీళ్లకి మొదటి నెలలో పరుచుకునే చోటు. అడుగు మేట వేసి పైకి లేస్తున్నకొద్దీ మూడో కాంటూరు లోపల పట్టే నీరు ఏటా తగ్గుతుంది. అందుకని ఐదుని వదులుకోకూడదు, జిరాయితీకి డబ్బు చెల్లించాలి. రెండోది చేయకుండా మొదటిదాని గురించి మాట్లాడేవాళ్లను నేను నమ్మను.

పక్షుల గురించి కొంచెమే చెబుతాను, నాకు తెలిసింది కొంచెమే. 1940లలో నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు ఉండి దగ్గరి ఆరేడు ప్రాంతంలో గూడబాతుల (పెలికన్ల) పెద్ద నివాసాన్ని చూసి రాశారు. ఊళ్ల మధ్య చెట్ల మీదే వేలకొద్దీ గూళ్లు. తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో అది ఖాళీ అయిపోయింది, కొల్లేట్లో గూడబాతులు గుడ్లు పెట్టడం మానేశాయి. మళ్లీ ఇప్పుడు కైకలూరు పక్కన ఆటపాకలో పెడుతున్నాయి. అటవీశాఖ చెట్లు చాలక నీళ్ల నడుమ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది, వాటి మీదే కాపురం. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా ఉంటాయి. ఆటపాక నీటిమడుగు కొల్లేటితో పోలిస్తే చిన్నది, మనుషులు నీరు పెట్టి కాపాడుతున్నది. అక్కడ పక్షులు ఉన్నాయి కాబట్టి కొల్లేరు బాగుందనుకోవడం పొరపాటు. అయితే పిల్లల్ని తీసుకెళ్లడానికి అంతకన్నా మంచి చోటు లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే వెళ్లండి, పడవ ఉంటుంది. విశాలమైన నీరు చూడాలంటే మాత్రం సెప్టెంబరు, అక్టోబరుల్లో పెదఎడ్లగాడి వంతెన మీద ఆగండి. వరద హెచ్చరిక ఉన్న రోజున కాదు.

చివరిగా, మళ్లీ వస్తుందా అన్నారు. నన్నడిగితే పని ఉప్పుటేటి నుంచి మొదలుపెట్టాలి. మేట తీసి వెడల్పు చేయాలి, వంతెనల కానాలు సరిపోతున్నాయో లేదో చూడాలి, గుర్రపుడెక్క ఏటా వానకి ముందే తీయాలి, వరదొచ్చాక కాదు. సరస్సు లోపల అనుమతి లేని గట్లు తీసేయాలి, ముందు నీటిదారికి అడ్డంగా ఉన్నవి. పట్టణాల మురుగు శుద్ధి కాకుండా బుడమేరు, తమ్మిలేట్లో కలవకూడదు.

ఉప్పుటేటి మీద రెగ్యులేటర్లు, అంటే తలుపులున్న అడ్డుకట్టలు, కట్టాలన్న మాట చాలాకాలంగా ఉంది. కొల్లేట్లో నీరు నిలపడానికి, వేసవిలో ఉప్పునీరు పైకి ఎగదన్నకుండా ఆపడానికి. అవసరమే. ఈ మధ్య వేసవుల్లో ఉప్పు పైకి పాకి కొల్లేటి చెరువుల్లో మంచినీటి చేపకి బదులు రొయ్య వేస్తున్నారు, దాంతో నేల ఇంకా ఉప్పెక్కుతోంది. కానీ తలుపులు మూసే పద్ధతి మీద జాగ్రత్త కావాలి. నీలకంఠ రొయ్య గుడ్లు పొదగడానికి ఉప్పునీటికి దిగి వెళ్లాలి, దాని పిల్లలు మళ్లీ మంచినీటికి ఎక్కి రావాలి. పండుగప్పదీ అలాంటి రాకపోకలే. తలుపులు ఏ నెలలో ఎన్నాళ్లు తెరిచి ఉంచాలన్నది డిజైన్ కాగితం మీదే రాసి, ఆ రాసేటప్పుడు లంకల నుంచి వల వేసేవాళ్లని నలుగురిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఏ చేప ఏ కార్తెలో ఎటు పోతుందో మా శాఖ కన్నా వాళ్లకే బాగా తెలుసు.